నలభై ఒక్క జీవాలు

చివరి జానెడు ఎప్పుడూ ఏడిపిస్తుంది. పడుగు బిర్రబిగుసుకుపోయి కర్రా దూరదు, చెయ్యీ దూరదు. నీవెస్ నాడెను పక్కన పెట్టి, పెద్ద సూది తీసుకుని, పేక దారాన్ని ఒక పోగు కిందనుంచి, ఇంకో పోగు మీదనుంచి దాటిస్తూ కూర్చుంది. దాటించాక లామా ఎముక ముల్లుతో దగ్గరికి కొట్టడం, మళ్ళీ సూది ఎత్తడం. పొద్దున్న మంచు కరిగాక మొదలుపెడితే, ఎండ నడినెత్తికి వచ్చేసరికి రెండు వేళ్ల మేర సాగింది. పోగులు తెంపి ముళ్ళేసేస్తే అరగంటలో తెమిలిపోయే పనే. పట్నంలో అంగళ్లకు నేసేవాళ్ళు అలాగే చేస్తారు. తోలాపంపాలో మాత్రం కత్తెర తగిలిన గుడ్డను ఎవరూ గుడ్డల లెక్కలోకి తీసుకోరు. నాలుగు వైపులా దాని అంచులు దానికే ఉండాలి.

పెరట్లో నాలుగు గూటాలు పాతి, వాటికి రెండు కర్రలు కట్టి, నేలకు మూరెడు ఎత్తున పడుగు పరిచి ఉంది. దాని ముందు గొర్రె తోలు వేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి నీవెస్. వయసు యాభై దాటింది. మోకాళ్ళకి ఇంకా ఎక్కువే ఉంటుంది.

"ఇంకా అవలేదా మరదలా? సంత రేపే."

తలెత్తకుండానే గొంతు గుర్తుపట్టింది. మొగుడి అక్క ఫోర్తునాతా. గోడ అవతల ఇల్లు. బుగ్గలో కోకా ఆకు పెట్టుకుని, టోపీ గాలికి ఎగిరిపోకుండా ఒక చేత్తో అదిమి పట్టుకుని నిలబడింది.

"అవుతుంది వదినా. నువ్వు వెలుతురుకి అడ్డు తప్పుకుంటే ఇంకా తొందరగా అవుతుంది."

ఫోర్తునాతా రెండడుగులు జరిగి మగ్గం మీదికి వంగింది. "అయితే నిజంగానే బస్తా పెడుతున్నావా పోటీకి? మా తమ్ముడు చెబితే వేళాకోళం అనుకున్నాను. ఆలుగడ్డలు పోసుకునే బస్తా."

"పోటీ నేతకే కదా. ఇది నేత కాదంటావా?"

"నేతే. కాదని ఎవరన్నారు? కానీ ఇందులో ఏముందీ, చారలేగా." ఆమె గొంతులో ఎగతాళి కన్నా జాలే ఎక్కువ వినిపించింది, అదే నీవెస్‌కి మండింది. "మార్కుల కాగితం నువ్వు చూడలేదేమో. బొమ్మకి రెండు మార్కులు. గుర్రానికి రెండు, కుందేలుకి రెండు. నా హెలికాప్టరుకి మూడు."

"హెలికాప్టరుకి ఎందుకు మూడు?"

"కొత్తదనానికట."

"అది మన కొండల మీద ఒక్కసారి ఎగిరింది. దాన్ని చూసి నా లామా జీవాలు రెండు రోజులు మేత ముట్టలేదు. దానికి మూడు మార్కులా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. వాళ్ళిద్దరి మధ్య పోట్లాట ఎప్పుడూ అంతే, సగంలో నవ్వు అడ్డుపడుతుంది. పైగా ఈ పడుగు వేసిన రోజు ఎదురు గూటం దగ్గర కూర్చుని నూలు ఉండలు విసిరింది ఫోర్తునాతానే. పడుగు వేయడానికి ఇద్దరు కావాలి. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఉండ ఇటు విసిరితే అటు చుట్టి మళ్ళీ ఇటు విసరాలి. పోటీలో ఎదురుపడుతున్నామని ఆ పని మానుకునే ఆడది తోలాపంపాలో లేదు. ఫోర్తునాతా గుర్రాల గుడ్డకి నీవెస్ కూడా అలాగే కూర్చుంది.

కానీ ఈసారి పోటీ బహుమతి కోసం మాత్రమే కాదు. బడి పక్కన కొత్తగా నేతగది కట్టారు. సంతలో ఎవరి గుడ్డ గెలిస్తే వాళ్ళే ఆ గదిలో ఊరి ఆడపిల్లలకి నేత నేర్పాలని అరవై గడపలూ కూర్చుని తీర్మానం చేశాయి. మొదటి పాఠం ఎల్లుండే. ఫోర్తునాతా గెలిస్తే పిల్లలు కొట్టు నూలుతో గుర్రాలు నేర్చుకుంటారు. కొట్టు నూలు మంచి రంగే, గులాబీ, పచ్చ, కళ్ళు చెదిరేంత. నీవెస్‌కి గుర్రాల మీద కోపమేమీ లేదు. అయితే రంగు వేయని ఉన్నిని జీవం ఒంటి మీది రంగుతోనే వడికి చారలు తీర్చడం, అంచు పోగులకి కదురు ఎడమ వైపు తిప్పి ఎడమ పురి పెట్టడం, ఈ రెండూ ఇప్పుడు ఊళ్ళో ఆమె చేతులకి మాత్రమే వచ్చు. ఆ చేతులు ఇవాళ చలికి పగిలి ఉన్నాయి. వాటితో పాటే ఈ పని మట్టిలో కలిసిపోవడం ఆమెకి ఎంతమాత్రం ఇష్టం లేదు.

"నేనే గెలుస్తాను చూడు," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"నీ ధైర్యం చల్లగుండ," అని ఫోర్తునాతా కాసిని కోకా ఆకులు ఆమె ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

పొద్దు వాలకముందే చివరి పోగు దాటింది. నీవెస్ కర్రలు విప్పి, గుడ్డను గూటాల నుంచి తప్పించి నేల మీద పరిచింది. అది పరిచినచోట పరిచినట్టే పడుకుంది, ఒక్క మూల కూడా లేవలేదు. ఎడమ పురి అంచు ఇటు లాగితే కుడి పురి చార అటు లాగుతుంది, ఆ రెండూ సర్దుకుని గుడ్డ కుదురుగా ఉంటుంది. ఆమె ఊరికే చూస్తూ నిలబడింది. తను చేసిన పని తనకే నచ్చడం సిగ్గుపడాల్సిన విషయమని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. గుడ్డను సగానికి మడిచి రెండు పక్కలా కుట్టేసరికి పొయ్యి మీద కీన్వా జావ అడుగంటింది. మొగుడు సెఫెరీనో ఆ మాడుజావే తాగాడు.

సంత రోజు గాలి ఆగలేదు. బడి ముందు మైదానంలో పొడుగాటి బల్లలు వేసి పోటీ గుడ్డలన్నీ పరిచారు. గాలికీ, అసలు వాటి గుణానికీ, కొట్టు నూలు గుడ్డల అంచులు చుట్టుకుపోతున్నాయి. ఊరి పెద్ద విల్కా పిల్లల్ని పంపి రాళ్ళు తెప్పించి మూలమూలకీ పెట్టించాడు. ఫోర్తునాతా గుడ్డ మీద ఆరు రాళ్ళున్నాయి. ఒక గుర్రం తల రాయి కిందికి పోయింది. నీవెస్ బస్తా మీద ఒక్క రాయీ లేదు.

తీర్పు చెప్పడానికి పట్నం నుంచి వచ్చినాయన పేరు లాందీవర్. చదివింది ఏమిటో ఎవరికీ తెలియదు గానీ, పట్నం నుంచి చేతిలో అట్టతో ఎవరు దిగినా తోలాపంపాకి ఇంజనీరే. మనిషి మంచివాడే. ప్రతి గుడ్డనీ చేతులు తుడుచుకుని మరీ ముట్టుకున్నాడు. ఫోర్తునాతా గుడ్డ దగ్గర చాలాసేపు నిలబడి, కలంతో గాల్లో చుక్కలు పెడుతూ ఇరవయ్యారు బొమ్మలు లెక్కేశాడు. హెలికాప్టరు దగ్గర నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

బస్తా దగ్గరికి వచ్చాడు. తిప్పి చూశాడు.

"ఇందులో బొమ్మలెక్కడమ్మా?"

"బొమ్మలు కావు ఇంజనీరు గారూ, చారలు."

"అవును, చాలా పద్ధతిగా ఉన్నాయి. ఎక్కడా వంకర లేదు." ఆయన అట్ట మీది కాగితం చూసుకున్నాడు. "కానీ ఇక్కడ బొమ్మలకి ఒక గడి ఉంది. ఇందులో ఎన్నని రాయను?"

"మీ కళ్ళకి ఎన్ని కనిపిస్తే అన్ని రాయండి."

ఆయన కాసేపు తటపటాయించి సున్నా చుట్టాడు. పక్కన రెండు మాటలు రాశాడు. నీవెస్‌కి పెద్ద చదువు లేదు గానీ ఆ రెండు మాటలూ చదవగలిగింది. వాడుక వస్తువు.

మూడేళ్ళ ఉన్ని అది, ఒక చలికాలమంతా పడ్డ పాటు. ఆ క్షణాన ఇంజనీరు మీద కూడా కాదు, ఆ గడులు గీసిన, మొహం ఎరగని మనిషి మీద ఒళ్ళు మండిపోయింది. వాడుక వస్తువే కదా, వాడదాం అనుకుని బస్తా మడిచి చంకన పెట్టుకుని అక్కణ్ణుంచి నడిచింది.

మైదానం అవతలి చివర మారకం వరుస. అక్కడ ఉప్పు తెచ్చినవాళ్ళు ఉప్పు పోసుకుని, మొక్కజొన్న తెచ్చినవాళ్ళు మొక్కజొన్న పోసుకుని కూర్చుంటారు. సెఫెరీనో పట్టా మీద చూన్యో కుప్ప పోసుకుని ఉన్నాడు. ఈ చలికాలం ఆలుగడ్డల్ని రాత్రి మంచులో పెట్టి, పగలు కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టిన చూన్యో. నల్లగా, చేతిలో తేలిగ్గా, గులకరాళ్ళ శబ్దంతో ఉంటుంది. బాగా ఎండితే ఏళ్ళ తరబడి నిలవుంటుంది.

"పట్టు," అంది బస్తా మూతి తెరిచి.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. పట్టు."

సెఫెరీనోకి పెళ్ళాం మొహం చదవడం వచ్చు. బస్తా మూతి పట్టుకున్నాడు. ఆమె దోసిళ్ళతో, తర్వాత తట్టతో చూన్యో పోసింది. సగం నిండాక బస్తాని ఎత్తి నేలకేసి కుదిపింది, మళ్ళీ పోసింది, మళ్ళీ కుదిపింది. మూతి కట్టి, ఎండ పడేవైపు తిప్పి నిలబెట్టింది.

ఖాళీ బస్తా వేరు, నిండిన బస్తా వేరు. బల్ల మీద చదునుగా పడున్నప్పుడు ఒకే గోధుమ రంగు పక్కపక్కన పరిచినట్టున్న చారలు, లోపల్నుంచి బరువు తోసేసరికి ఒక్కొక్కటీ విడివడ్డాయి. బూడిద రంగు పక్కన ఉప్పు రంగు, దాని పక్కన కాల్చిన బార్లీ రంగు, తడిమట్టి, ఎండిన మట్టి. రెండు రంగులు కలిసిన చోట రెండింటికీ చెందని సన్నటి గీత ఒకటి. రెండు పక్కల అంచుల్లో ఎడమ పురీ కుడి పురీ ఆనుకున్నచోట ఎండ ఏటవాలుగా జారుతోంది. అన్నిటికీ మధ్యన, మిగతావాటి కన్నా వేలెడు వెడల్పుగా, ఒక చార వెలుగుతోంది. బస్తా నడిమి చారని తోలాపంపాలో గుండె అంటారు. ఈ బస్తా గుండె బెల్లం రంగు.

ఉప్పు దిమ్మలు మోసుకుని వచ్చిన తిబుర్సియో తాత చూన్యో అడగబోయి ఆగిపోయాడు. అరవై ఏళ్ళపాటు ఊరందరి జీవాల్నీ కాసిన మనిషి. దిమ్మ దించి, కర్ర మీద గడ్డం ఆనించి చూస్తూ నిలబడ్డాడు.

"అది మా ఒంటిచెవి లామా రంగు కదూ," అన్నాడు ఎడమ పక్క మూడో చార చూపించి.

"అదే తాతా. నువ్వు బొచ్చు కత్తిరిస్తుంటే నీ మొహాన ఉమ్మిందే, అదే."

"రెండుసార్లు ఉమ్మింది." తాత దగ్గరికి జరిగాడు. "ఇది విల్కా వాళ్ళ పొట్టిది. ఇది ప్యూమా పట్టుకుపోయింది చూడు, ఏరు అవతల, అది. అరే, ఎడమన అన్నీ ఆడవే పెట్టావే."

"కుడిన మగవి."

"ఆ, అదుగో మా ముసలి పోతు." తాత ఆ చారని వేలితో తడిమాడు. "నేను దాని మొహం మర్చిపోయానమ్మా. రంగు చూస్తే గుర్తొచ్చింది."

పక్కన మొక్కజొన్న పోసుకున్నావిడ లేచి వచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. మాది ఏదీ, మాది ఉందా అని వెతుక్కోవడం మొదలైంది. ఒకడు తన జీవం కనబడలేదని అలిగితే, నీ దానికి ఆ ఏడు గజ్జి పట్టింది, ఎలా వడకమంటావని నీవెస్ అడిగింది. అందరూ గొల్లుమన్నారు. అవతల బల్లల దగ్గర బాకాలు మోగాయి, బహుమతి చదివారు. ఇక్కడివాళ్ళు తలలు తిప్పలేదు.

జనం ఇటెందుకు పోగయ్యారో చూడ్డానికి ఇంజనీరు వచ్చాడు. తిబుర్సియో తాత ఆయన మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగాడు.

"సున్నా వేశావటగా నాయనా. నలభై ఒకటి ఉన్నాయి. ఇరవై ఇటు, ఇరవై అటు, మధ్యలో ఒకటి. ఒక్కొక్కదానికీ పేరుంది. చెప్పమంటావా?"

"చెప్పండి," అన్నాడాయన.

తాత చెప్పాడు. ఆయన బస్తా ముందు గొంతుకూర్చుని విన్నాడు. కలం జేబులో పెట్టేసుకున్నాడు. పదో పేరు దగ్గరికి వచ్చేసరికి తాత కన్నా ముందే తర్వాతి చార మీద వేలు పెడుతున్నాడు. చివరికి లేచి, "ఇంత సేపు చూడాల్సిన గుడ్డ ఇవాళ బల్ల మీద ఇంకొకటి లేదమ్మా," అన్నాడు. "కానీ దీనికి నా కాగితంలో గడి లేదు. పైగా బహుమతి చదివేశాం."

"లోపం కాగితానిది ఇంజనీరు గారూ, బస్తాది కాదు. ఈసారి గడులు గీసేముందు ఇటొచ్చి ఒకసారి చూసి వెళ్ళమనండి."

"చెబుతాను." ఆయన నిజంగానే చెబుతాడనిపించింది నీవెస్‌కి. దానివల్ల నేతగది తనకి రాదన్న సంగతి కూడా తెలుసు.

"నా బాకాలు ఎవరూ వినకుండా ఇక్కడేం చేస్తున్నారర్రా?" అంటూ ఫోర్తునాతా జనాన్ని తోసుకుని వచ్చింది. రొమ్ము మీద ఎర్ర రిబ్బను, టోపీ కింద చెమట, మొహం నిండా గెలుపు. "ఏమిటిది మరదలా, బల్ల మీద ఓడిపోయి ఇక్కడ కొట్టు తెరిచావా?"

"దా వదినా. తాత జీవాల పేర్లు చదువుతున్నాడు."

"అన్నీ అయిపోయాయి," అన్నాడు తాత. "ఈ మధ్యదొకటే అందడం లేదు. ఈ రంగు నాకు తెలుసు, నాలిక చివర ఉంది."

ఫోర్తునాతా గుండె చారని చూసింది. చూసిన మనిషి చూసినట్టే నిలబడిపోయింది. గాలికి టోపీ ఎగిరిపోతే పట్టుకోలేదు. ఎవరో పరిగెత్తి తెచ్చారు.

"చన్కాకా," అంది.

ఆ ఊళ్ళో బెల్లం ముద్దని చన్కాకా అంటారు. ఫోర్తునాతా మగ లామా పేరు కూడా అదే. గంట మెళ్ళో కట్టుకుని మందకంతా ముందు నడిచేది. కరువు ఏడాది మేత చాలక, మిగతావి బతకాలని, పలుపు స్వయంగా పట్టుకెళ్ళి కసాయికి అప్పజెప్పి వచ్చింది. ఆ తర్వాత ఆ పేరు ఆమె నోట ఎవరూ వినలేదు. ఆ రోజు నుంచే వడకడం మానేసింది.

"దాని బొచ్చు ఒక్క పోగైనా మిగల్లేదనుకున్నాను," అంది. "నీకెక్కడిది?"

"మీ దొడ్డి గోడ రాళ్ళకి. ముళ్ళకంపకి. అది ఒళ్ళు రుద్దుకున్న చోటల్లా కొంచెం కొంచెం ఉంది. రెండేళ్ళు ఏరాను."

"నన్ను అడగలేదేం?"

"అడిగితే ఇచ్చేదానివా?"

ఫోర్తునాతా నిజాయితీగా ఆలోచించింది. "ఇచ్చేదాన్ని కాదు. కౌగలించుకుని ఏడ్చేదాన్ని."

"అందుకే అడగలేదు."

"నా కోసం చేశావా ఇది?"

అవునంటే సరిపోయేది. నీవెస్‌కి అబద్ధం రాలేదు. "కాదు వదినా. ఆ రంగు కోసం చేశాను. అలాంటిది మళ్ళీ పుట్టదు. పారబోసుకోవడానికి నాకు చేతులు రాలేదు."

ఫోర్తునాతా అరచెయ్యి బస్తా మీద పెట్టింది. రెండు వేళ్ళు గుండె చారకి సరిగ్గా సరిపోయాయి. చాలాసేపు తియ్యలేదు. తీశాక ఆమె అన్న మాటలో ఏడుపు లేదు, సిగ్గుంది.

"పడుగు వేసినప్పుడు ఆ ఉండ నా చేతుల మీదుగానే పోయింది. నేనే పట్టుకున్నాను, నేనే విసిరాను. నా జీవాన్ని నేను గుర్తుపట్టలేదు."

జీవాలు కాసుకు బతికేవాళ్ళ మధ్య అంతకన్నా పెద్ద తప్పు ఒప్పుకోవడం ఉండదు. ఉండగా ఉన్నప్పుడు రంగు తెలియదులే వదినా అని నీవెస్ సర్దబోయింది. ఫోర్తునాతా తల అడ్డంగా ఊపి, టోపీ దులుపుకుని, ఒక్కర్తీ ఇంటిదారి పట్టింది. రిబ్బను రొమ్ము మీదే ఉంది.

మర్నాడు పొద్దున నీవెస్ లామాల దొడ్డి ఊడుస్తుంటే విల్కా మనిషిని పంపాడు. నేతగదికి రమ్మన్నారు, బస్తా కూడా తెమ్మన్నారు, చూన్యో తియ్యకుండా తెమ్మన్నారు.

"చూన్యోతోనా? ఎవరన్నారు?"

"మీ వదినే."

సెఫెరీనో బస్తాని గాడిద మీద వేసుకుని వచ్చాడు. గదిలో పదకొండు మంది ఆడపిల్లలు కొట్టు నూలు ఉండలు ఒళ్ళో పెట్టుకుని గోడవారగా కూర్చున్నారు. విల్కా కుర్చీలో ఉన్నాడు. ఫోర్తునాతా రిబ్బనుతో మధ్యలో నిలబడి ఉంది.

"ఇక్కడ నిలబెట్టు తమ్ముడూ. కిటికీ దగ్గర, ఎండలో." బస్తా నిలబడ్డాక పిల్లల వైపు తిరిగింది. "నేను గెలిచాను. అందుకని నేర్పేది నేనే. గుర్రాలు నేర్పుతాను, బస్సు నేర్పుతాను, హెలికాప్టరు కూడా నేర్పుతాను. కానీ వచ్చే ఏడు. ఈ ఏడు మీరు ముందు ఇందులో ఉన్నవాటిని చదవాలి, తర్వాత ఎడమ పురి వడకాలి, తర్వాత చార తియ్యాలి. చార తియ్యడం రానిదాన్ని నా గుర్రం మీద చెయ్యి వెయ్యనివ్వను."

"మరి ఈ ఏడు ఎవరు చెబుతారు?" అన్నాడు విల్కా.

"ఎవరికి వచ్చో వాళ్ళే చెబుతారు. నాకు ఎడమ పురి రాదు. నేను ఎనిమిదేళ్ళ పిల్లప్పుడు మా అమ్మ చెప్పబోతే పారిపోయాను." మరదలి వైపు చూసింది. "ఏం, మగ్గం చూస్తే బెదిరావా? గూటాలు నేను పాతించాను. కూర్చో."

నీవెస్ గుండెల్లో గుప్పెడు వేడి పొంగింది. పొంగినట్టు కనబడనివ్వలేదు. గూటాల దగ్గరికి వెళ్ళి ఒకదాన్ని కదిపి చూసి, ఇది వదులుగా ఉంది, ఎవరు పాతారని అడిగింది. విల్కా లేచి వచ్చి తనే రాయితో కొట్టాడు.

ఆమె ఈ చివర కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే ఫోర్తునాతా ఆ చివర చతికిలబడింది. పిల్లలు దగ్గరికి జరిగారు. నీవెస్ బుట్టలోంచి రెండు ఉండలు తీసింది. రెండూ ఒకే జీవానివి, ఒకే నలుపు. ఒకటి ఎడమ పురి, ఒకటి కుడి పురి. కంటికి తేడా లేదు.

"అంచు పోగు ముందు. ఎడమది," అని ఒక ఉండ విసిరింది.

ఫోర్తునాతా పట్టుకుంది. గూటానికి చుట్టబోయి ఆగింది. కళ్ళు మూసుకుని, దారం కొసని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లిగా దొర్లించింది.

"ఎడమదే," అంది.

"కాదు. మళ్ళీ చూడు."

పిల్లలు కిసుక్కుమన్నారు. "నవ్వండి నవ్వండి, తర్వాత మీ వంతే," అంది ఫోర్తునాతా కళ్ళు తెరవకుండా. ఈసారి తొందరపడలేదు. దారాన్ని ఇటు దొర్లించి, అటు దొర్లించి, ఎటు తిప్పితే పురి విడుతోందో వేళ్ళకి తెలిసేదాకా ఆగింది. గదిలో అందరూ ఆగారు.

"కుడిది," అని కళ్ళు తెరిచి, ఉండ తిరిగి విసిరేసింది.

నీవెస్ దాన్ని బుట్టలో వేసి రెండోది విసిరింది.